"నేనే" అనే ఎసెన్‌గెల్ది అగాయ్

ఎసెన్‌గెల్ది అగాయ్‌కి, అంటే కజఖ్ భాషలో మా మాస్టారికి, ఒకటే జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా తనే చేశానని ఒప్పేసుకునేవారు. అల్మాటీలోని మా ప్రయోగశాలలో గాజు భళ్ళుమంటే చాలు, పక్క గదిలోంచి "నేనే, నేనే!" అని కేక వచ్చేది. పగిలిందేమిటో తర్వాత కనుక్కునేవారు.

ఒకరోజు కరెంటు పోయింది.

"నావల్లేనేమో" అన్నారు అగాయ్.

"ఊళ్ళో సగం పోయిందండీ!"

"అయ్యో, అంతదూరం పాకిందా?"

అప్పట్లో మా వీధిలో ఇంకా ట్రాములు తిరిగేవి. విరిగి ముక్క పోయిన ఎముకల మధ్య పెట్టడానికి స్పాంజిలాంటి అచ్చులు చేయడం మా పని. వాటి మీద మూలకణాలు పోస్తే పెరిగి ఎముక కావాలి. వట్టి అచ్చయితే కణాలు నిలవవు, జారిపోతాయి. వాటికి పట్టు దొరకాలంటే పెప్టైడ్ పూత వేయాలి. పెప్టైడ్ అంటే ప్రోటీన్‌లో చిన్న తునక. అచ్చుల్ని గడ్డకట్టించి ఆరబెట్టే పాత యంత్రం అగాయ్ తంతేనే కదిలేది. మేం తన్నితే మా కాళ్ళే నొప్పెట్టేవి.

నేను చేరిన ఏడాది, నౌరుజ్ కొత్త సంవత్సరం సెలవుల ముందు, ఊరెళ్ళే తొందరలో, మాకున్న ఒకే ఒక్క పెప్టైడ్ సీసానీ కిటికీ దగ్గర, గదిని వెచ్చబెట్టే వేడి గొట్టాల పైన వదిలేశాను. తిరిగొచ్చేసరికి అది అక్కడే వేడెక్కి ఉంది. ఎవరూ చూడకుండా ఫ్రిజ్‌లో పెట్టేసి, ఏమీ కాదులే అనుకుని అదే పూత పూశాను. మర్నాటికి ఒక్క కణమూ అంటుకోలేదు. అన్నీ తేలిపోయాయి. అవతల కాలి ఎముకలో ఆ అచ్చు పెట్టి చూడాల్సిన గొర్రె ఎదురుచూస్తోంది.

డైరెక్టర్ రబీగా అందర్నీ పిలిచింది.

"సీసా బయట వదిలేసిందెవరు?"

అప్పటికే ఒక తప్పు చేసి ఉన్నాను. ఇంకొకటి చేస్తే ఇంటికే.

"నేనే" అన్నారు అగాయ్.

"మీరా? మీరు తరాజ్‌లో మేనకోడలి పెళ్ళిలో ఉన్నారుగా! డాన్సు చేస్తున్న ఫొటో నాకే పంపారు!"

"మధ్యలో వచ్చి వెళ్ళాను."

"అయిదువందల కిలోమీటర్లు! సీసా బయట పెట్టడానికి?"

"బుద్ధి పుట్టింది."

రబీగా ఆయన్ని చూసింది, నన్ను చూసింది, తప్పులు రాసే పుస్తకం మూసేసింది. "ఇంకో సీసా తెప్పిస్తాను. అది వచ్చేదాకా ఆ గొర్రెని చూసి ఎవరూ మాంసమనీ బెష్‌బర్మాక్ అనీ మాటెత్తకండి."

నడవాలో అగాయ్‌ని పట్టుకున్నాను. "అది నేనండీ..."

"తెలుసు తల్లీ. నీ మొహం చూస్తే ఆ గొర్రెకి కూడా తెలుస్తుంది."

"మరెందుకు మీ మీద వేసుకున్నారు?"

"నిన్ను పంపేస్తే కొత్తమ్మాయి వస్తుంది. మళ్ళీ అదే తప్పు మొదట్నుంచీ చేస్తుంది. నువ్విక ఛస్తే చెయ్యవు. నన్నా, పంపలేరు. ఆ యంత్రాన్ని ఎక్కడ తన్నాలో వాళ్ళకి తెలీదు" అని చెప్పి, చేతిలో ఓ బిస్కెట్టు పెట్టి వెళ్ళిపోయారు.

కొత్త సీసాని పసిపిల్లలా చూసుకున్నాను. ఈసారి కణాలు అచ్చుని కరుచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఆకులు రాలే వేళకి గొర్రె కుంటకుండా నడిచింది. "ఈ పూత ఎవరిది?" అని రబీగా అడిగితే అగాయ్ ఉలిక్కిపడి, "అమ్మో, నేను కాదు! జిబెక్!" అని నన్ను ముందుకు తోశారు.

ఆయన పదవీవిరమణ రోజున బల్ల నిండా బావుర్సాక్ పూరీలు, పాల టీ. ఉపన్యాసం మొదలుకాకముందే మా పెద్ద శాస్త్రవేత్త దౌలెత్‌కెల్ది లేచాడు. "ఒక ఏడాది కణాలన్నిటికీ బూజు పట్టింది నావల్ల, అగాయ్ వల్ల కాదు."

వెనకే ఇంకొకామె లేచింది. "సూక్ష్మదర్శిని అద్దం పగలగొట్టింది నేను."

నేనూ లేచాను. మొత్తం పదిహేడుమంది. ఆఖరికి రబీగా కూడా గొంతు సవరించుకుని, "సెంట్రిఫ్యూజ్ యంత్రం మూత విరగ్గొట్టింది... నేనిక్కడ చదువుకునే రోజుల్లో" అంది.

"మరి సామాన్లని ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ మాటేమిటి?" అన్నారెవరో. అది ఒకనాడు పేలి పైకప్పుకి కన్నం పెట్టింది. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరూ లేవలేదు.

అగాయ్ తలొంచుకుని టీలోకి చూస్తూ, "అది మాత్రం నిజంగా నేనే" అన్నారు.

మాలో ఒక్కరూ నమ్మలేదు.