లేడని చెప్పిన ఉదయం

కండక్టరుగారు రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆయన ఒంట్లోంచి డ్యూటీ దిగలేదు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ఇంట్లో ఎవరు ఎన్నింటికి స్నానానికి వెళ్ళారో, ఎంతసేపు నీళ్ళు పారబోశారో అన్నీ ఆయనకు తెలియాలి. "మీ మామయ్యగారుండగా మనకి గోడగడియారం దండగ" అని ఆయన భార్య కోడలితో అంటూ ఉంటుంది. ఆయన విననట్టు నటిస్తాడు గానీ లోపల ఆయనకది పొగడ్తే.

అలాంటి మనిషి చేతికి కొడుకు గంట వచ్చింది. ఆ గంట సంగతి ముందు చెప్పాలి.

కొడుకు ఫుట్‌బాల్ లీగులో గోల్‌కీపరు. ముప్పై నాలుగేళ్ళు నిండాయి, ఎడమ మోకాలు రోజూ పొద్దున్నే మొరాయిస్తుంది. ఆటగాళ్ళు బలం పెంచే మందులేమైనా వాడుతున్నారేమోనని లీగువాళ్ళు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి మూత్రం సీసాల్లో పట్టుకుపోతారు. అందుకని ప్రతి ఆటగాడూ ఫోనులో రోజుకో గంట రాసివ్వాలి, ఆ గంటలో ఫలానా చోట ఉంటానని. వాళ్ళొచ్చినప్పుడు మనిషి దొరక్కపోతే అదొక తప్పు. ఏడాదిలో మూడు తప్పులైతే, ఒంట్లో జలుబు మాత్ర కూడా లేకపోయినా సరే, రెండేళ్ళు ఆట బంద్. ముప్పై నాలుగేళ్ళ గోల్‌కీపరుకి రెండేళ్ళంటే ఇక బూట్లు అటక మీద పెట్టుకోవడమే.

కొడుకు ఉదయం ఆరు నుంచి ఏడు దాకా రాసిచ్చాడు. ఆ వేళకి మంచం మీద తప్ప ఇంకెక్కడుంటాననుకున్నాడు. మొదటిసారి జట్టు ప్రయాణం ఒకరోజు ముందుకు జరిగితే ఫోనులో మార్చడం మరిచిపోయాడు. రెండోసారి కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చి తెల్లారకముందే ఆసుపత్రికి పరిగెత్తారు. ఆ పూట పాప పుట్టింది, రెండో తప్పూ పుట్టింది. ఆసుపత్రి కాగితాలు పంపితే, ఫోనులో ఒక్క ముక్క మార్చడానికి ఎంతసేపు పడుతుందండీ అన్నారు లీగువాళ్ళు. భార్య నొప్పులు పడుతుంటే ఫోను తీసుకుని కూర్చునే మొగుణ్ణి వాళ్ళెక్కడ చూశారో మరి.

"ఇక నువ్వు హాయిగా పడుకోరా. గేటు సంగతి నాకొదిలెయ్" అన్నాడు కండక్టరుగారు.

మర్నాటి నుంచి ఆరుకి పావుగంట ముందే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏడు కాగానే లేచి, లోపలికి వినపడేలా "రైట్ రైట్" అనేవాడు. ఆ కేకతో ఇల్లంతా ఊపిరి పీల్చుకునేది. అలా కూర్చున్నాక లీగువాళ్ళు రెండుసార్లు వచ్చారు. పొడుగాటి మనిషి, మెడలో ఫోటో కార్డు, చేతిలో నీలం పెట్టె. రెండుసార్లూ కొత్త అల్లుణ్ణి తీసుకొచ్చినట్టు లోపలికి తీసుకొచ్చాడు. ఒకసారి కొడుక్కి ఎంతకీ మూత్రం రాకపోతే పక్కన నిలబడి నీళ్ళ మీద నీళ్ళు తాగించాడు.

ఆ గేటు దగ్గర ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. అది పదిహేనేళ్ళ పాత పని. కొడుకు నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేమడిగినా కాదనలేడు. మ్యాచి టికెట్లు అడిగేవాళ్ళు, దుకాణం రిబ్బను కత్తిరించమనేవాళ్ళు, వాళ్ళబ్బాయిని జట్టులో పెట్టించమనేవాళ్ళు, విలేకర్లు, అందరికీ "లేడు" అని చెప్పేది తండ్రే. ఉత్తినే లేడంటే ఎవరు నమ్ముతారు? కండక్టరుగారి అబద్ధానికి టైము ఉంటుంది, రూటు ఉంటుంది. "ఏడూ ఇరవై బస్సుకి వెళ్ళాడండీ, రేపు మధ్యాహ్నం గానీ దిగడు" అంటే అవతలివాడు నోరు మూసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ సీజను చివరి మ్యాచిలో, ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా, చంటిపిల్లలు కూడా పట్టే బంతి కొడుకు చేతుల్లోంచి జారి కాళ్ళ మధ్య నుంచి వలలోకి పోయింది. జట్టు కింది లీగుకు దిగిపోయింది. మూడు రోజులు ఇంటి ముందు జనం. కెమెరాలవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఊరికే చూసిపోయేవాళ్ళు. కొడుకు ఫోను ఆపేసి వెనక గదిలో కూర్చున్నాడు.

"ఎవరొచ్చినా లేరని చెప్పెయ్యండి మామయ్యగారూ. ఆయన ఎవరికీ మొహం చూపించలేకపోతున్నారు" అంది కోడలు.

నాలుగో రోజు ఉదయం ఆరూ పదికి గేటు ముందు కారు ఆగింది. ఒకమ్మాయి దిగింది, ముప్పై ఏళ్ళుంటాయి, భుజాన సంచీ. కారులో ఇంకొకతను ఉన్నాడు.

"నమస్తే అండీ. గోల్‌కీపరుగారు ఉన్నారా?"

"ఏం పని మీదమ్మా?"

"ఆయనకే చెప్పాలండీ."

వచ్చిన పని ఆటగాడికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని లీగు రూలు. అది కండక్టరుగారికి తెలీదు. ఈయన చూసిన లీగు మనిషి పొడుగ్గా, నీలం పెట్టెతో ఉంటాడు. ఈ పిల్ల విలేకరి, సందేహం లేదు అనుకున్నాడు.

"లేడమ్మా. నిన్న సాయంత్రం ఐదున్నర బస్సుకి వాళ్ళ పిన్ని ఊరెళ్ళాడు. రేపు గానీ రాడు."

"కచ్చితంగా లేరా?"

"ఉంటే లేడని ఎందుకంటానమ్మా?"

ఆ అమ్మాయి ఏదో రాసుకుని కార్లో కూర్చుంది గానీ కదల్లేదు. ఆరున్నరకి ఆయనకే జాలేసి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాడు. "అనవసరంగా కూర్చున్నారమ్మా" అని కూడా చెప్పాడు. ఏడుకి ఐదు నిమిషాలుందనగా ఆ అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ గేటు దగ్గరికొచ్చింది. ఆపేసిన కొడుకు ఫోను మోగలేదు. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే ఐదున్నర బస్సు. ఏడింటికి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

"రైట్ రైట్" అని కేకేసి, కుర్చీ మడిచి, ఆయన లోపలికెళ్ళాడు. కొడుకు పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"ఇవాళ ఒకావిడ గేటు ముందు పాతుకుపోయిందిరా. అయినా లోపలికి రానిచ్చానా?"

"ఎంతసేపుంది నాన్నా?"

"ఆరూ పది నుంచి ఏడు దాకా" అన్నాడు, నిమిషం తేడా లేకుండా.

కొడుకు చెయ్యి ఆగిపోయింది. తండ్రికి అప్పుడు తను అన్న మాట తనకే వినపడింది. చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తాడు. అక్కడ చెత్తబండి తప్ప ఏమీ లేదు.

విచారణ నెల తర్వాత జరిగింది. పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు, మధ్యలో కళ్ళజోడు పెద్దావిడ. ఆ అమ్మాయి రిపోర్టు చదివారు. అందులో మంచినీళ్ళ సంగతి కూడా ఉంది. తండ్రి ఎంతో మర్యాదగా, ఎంతో స్పష్టంగా చెప్పారని రాసింది.

కండక్టరుగారు లేచి నిలబడ్డాడు. "అబద్ధం చెప్పానమ్మా. మావాడు లోపలే ఉన్నాడు. నా నోటి దురద. వాడికేం తెలీదు."

"ఐదున్నర బస్సు ఉందో లేదో కనుక్కున్నాం. ఉంది" అంది పెద్దావిడ నెమ్మదిగా. "చూడండి పెద్దాయనా, ఒకటి ఆలోచించుకుని చెప్పండి. మీ అబ్బాయి ఊళ్ళో లేకపోతే అది మూడో తప్పు, రెండేళ్ళు. ఇంట్లో ఉండి లేడనిపించుకున్నాడంటే పరీక్ష తప్పించుకున్నట్టు. దానికి నాలుగేళ్ళు."

"వాడు అనిపించుకోలేదమ్మా, నేనే..."

"ఎవరొచ్చినా లేడని చెప్పమని ఇంట్లో ఎవరూ అనలేదా?"

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు తల దించుకుంది. కొడుకు తరఫు వకీలు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. "కూర్చోండి పెద్దాయనా. మీరు నిజం చెప్పినకొద్దీ శిక్ష పెరుగుతోంది" అని గొణిగాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో చెకింగువాళ్ళు బస్సెక్కిన ప్రతిసారీ ఆయన మాట నమ్మారు. ఇప్పుడు అబద్ధాన్ని నమ్మినవాళ్ళు నిజాన్ని నమ్మడం లేదు. నమ్మితే ఇంకా ప్రమాదం. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు కొడుకు లేచాడు. జన్మలో ఎవరికీ లేదని గానీ, కాదని గానీ చెప్పి ఎరగని కొడుకు.

"నేను ఇంట్లో లేనండి. నాన్న పెద్దవాడైపోయాడు, ఏదో నన్ను కాపాడాలని ఇప్పుడిలా అంటున్నాడు. మొదట చెప్పిందే నిజం. ఐదున్నర బస్సుకి వెళ్ళాను."

తండ్రి వైపు చూడకుండా చెప్పాడు. పెద్దావిడ రాసుకుంది. రెండేళ్ళు.

తర్వాత కూడా కండక్టరుగారికి ఐదున్నరకే మెలకువ వచ్చేది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర కూర్చునేవాడు. వద్దని చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. ఏడుకి కేక మాత్రం వేసేవాడు కాదు. టికెట్లకి గానీ, రిబ్బను కత్తిరించడానికి గానీ ఇప్పుడెవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఒకరోజు కరెంటు మీటరు చూసే అతను పొద్దున్నే వచ్చాడు. అంకె రాసుకుని వెళ్ళబోతూ, మర్యాదకి అడిగాడు. "అబ్బాయిగారు ఇంట్లో ఉన్నారాండీ?"

కండక్టరుగారు గబగబా కుర్చీలోంచి లేచాడు. "ఉన్నాడు బాబూ. లోపలే ఉన్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు. పిలవమంటావా?"

"అబ్బే, వద్దులెండి. ఊరికే అడిగాను" అని అతను పక్కింటికి వెళ్ళిపోయాడు.