బళేపేటలో చావుల గది

బళేపేట గాజుల సందులో తిరుపాలు అనే మనిషి ఏడేళ్ళలో పదకొండు వందల మందిని ఒకే గదిలో చంపాడు. కొందరిని నరికాడు, కొందరి తలలు బండకేసి బాదాడు, ఒకణ్ణి మరిగే నూనెలో ముంచి మూత పెట్టాడు. ఒక్క శవమూ బయటికి రాలేదు. పోలీసులు వచ్చి, టీ తాగి, తమ ముందర ఇంకో ఇద్దర్ని చంపించుకుని, చప్పట్లు కొట్టి వెళ్ళారు.

తప్పు ఒప్పుకుంటే పాపం పోతుందని కాన్వెంటు బడిలో సిస్టర్లు చెప్పేవాళ్ళు. కాబట్టి సగం ఒప్పుకుందాం. పదకొండు వందలనేది కొంచెం ఎక్కువ, ఎనిమిది వందల చిల్లర ఉండొచ్చు. చంపింది కత్తితో కాదు, గొంతుతో. పోలీసుల చప్పట్లు కూడా కాస్త అటూ ఇటూ. కానీ ఆ గదిలో నిజం నెత్తురు కారింది, నిజం పన్ను ఊడింది, నిజం తలుపు విరిగింది. ఈ మూడింటి దగ్గర తగ్గేది లేదు.

తిరుపాలుది మడకశిర పక్క పల్లె. 1991లో బెంగళూరు వచ్చి, కలాసిపాళ్యం ప్రైవేటు బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచే పనిలో చేరాడు. "హిందూపురం, పెనుకొండ, ధర్మారం, అనంతపురం!" అని అతను ఒక్క ఊపిరిలో అరిస్తే, మైసూరు బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా దిగి వచ్చి హిందూపురం బస్సెక్కేవాళ్ళు. ఆ పనికి గొంతు ఎంత అవసరమో పిడికిలీ అంతే. ప్రయాణికుడి సంచిని ఒక బస్సు వాడు ఒక చెవి పట్టుకుని, ఇంకో బస్సు వాడు రెండో చెవి పట్టుకుని లాగితే, సంచి చిరిగాక మొదలయ్యేది అసలు యుద్ధం. తిరుపాలు ఎడమ కనుబొమ మీది గాటు అలాంటి యుద్ధంలో వచ్చిందే.

1998లో ఒక రోజు బస్సు యజమాని టేపురికార్డరు తెచ్చి, "ఏదీ, ఒకసారి దీంట్లోకి అరువు" అన్నాడు. తిరుపాలు ఉత్సాహంగా అరిచాడు. మర్నాడు వచ్చి చూస్తే బస్సు నెత్తిన స్పీకరులో తన గొంతు అరుస్తోంది, తనకు పని లేదు. అతను బస్సెక్కి ఆ స్పీకరును ఒక్క తన్ను తన్నాడు. డ్రైవర్లు నలుగురూ కలిసి అతణ్ణి నలభై తన్నారు. మూడు రోజులు మంచం మీద మూలుగుతూ పడుకున్నప్పుడు తిరుపాలుకు ఒక సంగతి బోధపడింది. గొంతును మనిషి నుంచి విడదీసి అమ్మొచ్చు. అయితే అమ్మేవాడు తానే అయ్యుండాలి.

నాలుగో రోజు మంచం దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు మునిలక్ష్మి. బళేపేట గాజుల వ్యాపారి గోపాలప్ప కూతురు. వారం వారం గాజుల పెట్టెలు హిందూపురం బస్సుకు వేయడానికి వచ్చే మనిషి, టేపు మోగుతున్న బస్టాండులో నిలబడి, "ఈ గొంతు మనిషి యాడికి పోయినాడు?" అని అడిగి అడిగి ఇల్లు పట్టుకుంది. ఆరు నెలల్లో ఇద్దరూ గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. గోపాలప్ప గాజుల పెట్టె చెక్క ఒకటి ఊడబీకి, అది ముక్కలయ్యేదాకా కొత్త అల్లుడి వీపు మీద వాడి, ఆ తర్వాత ఇద్దర్నీ ఇంట్లోకి రమ్మన్నాడు.

తిరుపాలు ఎలుకల మందుకు, సర్కసుకు, చీరల తగ్గింపుకు గొంతు ఇచ్చాడు. వచ్చిందంతా స్టూడియో అద్దెకే పోయేది. అందుకని 2003 ఫిబ్రవరిలో మునిలక్ష్మి తండ్రితో మూడు రోజులు మాట్లాడకుండా ఉండి, ఇంటి వెనక గాజుల పెట్టెలుండే గదిని మొగుడికి ఇప్పించింది.

"యుగాది దాకా ఇస్తా" అన్నాడు గోపాలప్ప. "ఆలోగా నీ గొంతు యాపారం నిలబడితే సరి. లేదా, పెట్టెలు మళ్ళా గదిలోకి, నువ్వు అంగట్లోకి. ఆడోళ్ళకి గాజులు తొడుగుతా సుమ్నే, నోరు మూసుకోని, కూర్చోవాల. అరుపనే మాట మళ్ళా నా చెవిన పడగూడదు."

"సరే మామా."

"సరే అంటివి కదా? మాట తప్పితివో, నరికేస్తా!"

నరికేస్తా అనేది గోపాలప్పకు ఊతపదం. పెళ్ళయిన నాటి నుంచి రోజుకు రెండుసార్లయినా, సందు సందంతా వినేట్టు, అల్లుణ్ణి నరికేస్తానని అనేవాడు. ఇది కాస్త గుర్తుంచుకోవాలి.

తిరుపాలు మాంసం వండే మిలిటరీ హోటలు వెనక పారేసిన కోడిగుడ్ల అట్టలు మూడు వందలు ఏరుకొచ్చి మైదా జిగురుతో గోడలకు అంటించాడు. ఆ జిగురు రుచి మరిగి బళేపేట బొద్దింకలన్నీ దండెత్తాయి. వారం పాటు చెప్పుతో ఊచకోత కోశాడు. గాజుల పెట్టెల్లో వచ్చే ఎండుగడ్డిని గోనెసంచుల్లో కుక్కి మూలల్లో నిలబెట్టాడు. నేలకు పాత పరుపులు, గోడ పైన గాలి వచ్చే గవాక్షికి దిండు. మైకు ఒక మూతపడిన ఆర్కెస్ట్రాది. కొళాయి పైపు ఒకటి దానికి స్టాండు. మాటల గాలి మైకు మీద పడకుండా ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాను ఓణీ బిగించి అడ్డం పెట్టాడు. కంప్యూటరు మూతపడిన సైబరు కేఫుది. దాని ఫ్యాను రోడ్డు రోలరులా మోగేది కాబట్టి దాన్ని వరండాలో ఉంచి, తీగలు తలుపు కింద నుంచి లోపలికి లాగాడు.

మార్చి నెలాఖరుకు హైదరాబాదు నుంచి కబురొచ్చింది. పరభాషా కొట్లాట సినిమాలను తెలుగులోకి మార్చే ఒకాయన, ఒక సన్నివేశం సీడీ పంపాడు. మేనమామ అల్లుణ్ణి నరుకుతాడు. అల్లుడు చస్తాడు. భార్య చేతి గాజులు పగలగొడతారు. ఆ సినిమా చప్పుళ్ళ టేపు పాడైపోయిందట. మాటలూ చప్పుళ్ళూ అన్నీ చేసి సోమవారం పంపాలి, నచ్చితే సినిమాలు వరసగా ఇస్తాడు. ఆ బుధవారమే యుగాది.

ఆదివారం పొద్దున్నే తిరుపాలు హత్యకు దిగాడు. పిడిగుద్దులకు తడి గోనెసంచి, రోకలి. ఎముకలకు ఎండు మునక్కాడలు. కత్తిపోటుకు పుచ్చకాయ. అన్నీ కుదిరాయి, గాజులే కుదరలేదు. ట్యూబులైటు పగలగొట్టాడు, సోడాబుడ్డి పగలగొట్టాడు.

వరండాలో గోపాలప్ప గాజులు ఏరుతున్నాడు. గాజుల వ్యాపారులు డజను గాజుల గుత్తిని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. పన్నెండింటిలో ఒక్కటి బీటవారినా గుత్తి గొంతు మారుతుంది. యాభై ఏళ్ళు అలా విన్న చెవి అది.

"ఏమప్పా, సోడాబుడ్డి పగలగొడతాండావా?"

"గాజుల చప్పుడు మామా."

"నా నెత్తి! నా ముందర సోడాబుడ్డిని గాజంటావా? నరికేస్తా!" అంటూ గోపాలప్ప మొదటిసారి ఆ గదిలో కాలు పెట్టాడు. "చెయ్యి మెత్తగుంటాది, రాయి గట్టిగుంటాది. రెండూ వినపడాల. అరటి దూట తెప్పించు. దానికి నాలుగు డజన్లు తొడిగి రుబ్బురాయికేసి కొడితే, అదీ చప్పుడు."

తలుపు దగ్గర మునిలక్ష్మి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "గాజు చిట్లితేనే ఈ సందులో ఎవురూ ఆ మాట నోటితో అనరు, పెరిగిందంటారు. నా ఇంట్లో నా మొగుడి ముందర కావాలని పగలగొడతావా నాయనా? నేనుండంగా ఆ పని జరగదు."

"నువ్వుండంగా జరగదులేమ్మా" అన్నాడు గోపాలప్ప, బుద్ధిగా.

మూడు గంటలకు కొళాయిలో కావేరి నీళ్ళొస్తాయి. మునిలక్ష్మి ఇత్తడి బిందె చంకన పెట్టుకుని సందు చివరికి వెళ్ళింది. మామా అల్లుడూ గదిలో దూరి గడియ వేశారు. గోపాలప్పకు ఉబ్బసం. తలుపు మూసిన రెండు నిమిషాలకు అతని ఛాతీ ఈల వేయడం మొదలుపెట్టింది. ఆ ఈల మైకులో పడుతోందని తిరుపాలు గవాక్షిలోని దిండు పీకేశాడు.

తర్వాత నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. పడుకుంటేనే చావు గొంతు సరిగా వస్తుంది.

"వద్దు మామా! నీ కూతురి ముకం చూసైనా వదిలెయ్ మామా!"

గోపాలప్ప మచ్చుకత్తి ఎత్తాడు. అయిదేళ్ళ కోపం ఆ పుచ్చకాయ మీద పడింది. ఒక్క వేటుకు రెండు చెక్కలు, రెండో వేటుకు నాలుగు. ఎర్రటి రసం మోచేతుల దాకా, ముఖం మీద, కోడిగుడ్ల అట్టల మీద చిమ్మింది. తిరుపాలు పదకొండు సెకన్ల పాటు చచ్చాడు. గురక, పొలమారడం, ఆఖరి ఊపిరి, అన్నీ. వెంటనే గోపాలప్ప గాజుల అరటి దూటను రెండు చేతులా ఎత్తి రుబ్బురాయికేసి కొట్టాడు. తిరుపాలు ఆడగొంతు పెట్టి ఒక్క ఏడుపు ఏడ్చాడు.

ఆదివారం అంగళ్ళు మూసి, మేడల మీద కునుకు తీస్తున్న సందు అది. అందరివీ గోపాలప్ప లాంటి చెవులే. గుత్తి చెయ్యి జారి పడిన చప్పుడేదో, చేతిని రాతికేసి కొట్టిన చప్పుడేదో ఆ సందులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ రెండో చప్పుడుకు ఒకటే అర్థం. ఒక మొగుడు పోయాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా మునిలక్ష్మి చేతుల వైపు చూశారట. ఆమె చేతుల వైపు ఆమే చూసుకుందట.

సందు మలుపులో గరిడీ ఉంది. దామోదర్ పైల్వానూ అతని శిష్యులు నలుగురూ ఒంటి నిండా నూనెతోనే పరిగెత్తుకొచ్చారు. మొదటి తన్నుకు గడియ ఊడింది, రెండో తన్నుకు తలుపే ఊడింది. లోపల నేల మీద అల్లుడు, చేతిలో కత్తితో మామ, గోడల నిండా ఎరుపు.

"చంపేసినావా ముసలోడా! అంతపనీ చేసినావా!"

"నేను కాదప్పా, కల్లంగడి కాయ..." అన్నాడు గోపాలప్ప, పుచ్చకాయ చెక్కలు చూపిస్తూ.

దామోదర్ గుద్దుకు గోపాలప్ప కత్తి వదిలేసి గడ్డిసంచుల మీద పడ్డాడు. శిష్యులు మోకాళ్ళతో ఎక్కారు. పక్కటెముక ఒకటి విరిగిన చప్పుడు తిరుపాలుకు స్పష్టంగా వినిపించింది. మునక్కాడ చప్పుడు కన్నా సన్నగా ఉంది. శవం లేచింది. లేచిన శవాన్ని చూసి ఒక శిష్యుడు అక్కడికక్కడే స్పృహ తప్పాడు. తిరుపాలు మైకు ఊడిన కొళాయి పైపుతో రెండో వాడి భుజం విరగ్గొట్టాడు. వెనక ఎవడో కొడుతున్నాడని తప్ప ఏమీ చూడని దామోదర్ మోచేతిని వెనక్కి విసిరాడు. తిరుపాలు ముందు పన్ను ఎగిరి, గోడ మీది కోడిగుడ్డు గుంటలో సరిగ్గా కూర్చుంది. తర్వాత అతని గొంతు మీద దామోదర్ రెండు చేతులూ బిగుసుకున్నాయి. బతుకంతా మోసిన గొంతు. ఊపిరాడక తన్నుకుంటూ, ఈ ఒక్కటీ పోతే ఇక అంగడే గతి అనుకున్నాడు తిరుపాలు.

అప్పుడు మునిలక్ష్మి వచ్చింది. బిందె నిండా నీళ్ళు. ఆ బిందెను అలాగే ఎత్తి పైల్వాను నెత్తి మీద దించింది. దామోదర్ మైకును నలిపేస్తూ పరుపుల మీద బోర్లా పడ్డాడు. తర్వాత అతనికి ఏడు కుట్లు పడ్డాయి.

నెత్తురూ నీళ్ళూ పుచ్చకాయ రసమూ కలిసి పారుతున్న గదిలో నిలబడి ఆమె ఒకటే అడిగింది.

"గాజులు పగలగొట్టిందెవురు?"

మామ అల్లుణ్ణి చూపించాడు. అల్లుడు మామను చూపించాడు.

సోమవారానికి తిరుపాలు పెదవి వంకాయంత వాచింది. మళ్ళీ చచ్చే ఓపిక లేదు. వరండాలో ఉన్నందుకు కంప్యూటరుకు దెబ్బ తగల్లేదు, ఎవరూ ఆపనందుకు మైకు పగిలేదాకా జరిగిందంతా ఎక్కించుకుంది. ఉన్నది ఉన్నట్టు సీడీలో వేసి పంపేశాడు. మంగళవారం సాయంత్రం అంగట్లో ఫోను మోగింది. పక్కటెముకలకు కట్టుతో కూర్చున్న గోపాలప్పే ఎత్తాడు. పక్కన తిరుపాలు రిసీవరుకు చెవి ఆనించాడు.

"మొదటి చావు అద్భుతం అండీ" అన్నాడు హైదరాబాదు ఆయన. "ఆ గాజుల చప్పుడుకు మా ఆఫీసులో ఇద్దరు ఆడవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయారు. రెండో కొట్లాట మాత్రం తీసేస్తున్నాం. ఆ దెబ్బల్లో నిజం లేదండీ. బిందె తల మీద పడితే అలాగా మోగేది? ఇక ఆ ముసలాయన మూలుగు, ఏమనుకోకండి, ఒట్టి దొంగ మూలుగు."

గోపాలప్ప ముఖం ఎర్రబడింది. "దొంగ మూలుగా? ఎముకిరిగితే దొంగ మూలుగా? యాడుండావు నువ్వు? హైదరాబాదులోనా? రాత్రి బస్సుకే వస్తా, నరికేస్తా!"

అటు నుంచి ఆయన సంబరంగా అరిచాడు. "ఇదండీ నాకు కావలసింది! విలనుకు ఈ గొంతే పెట్టండి. పై వారం మూడు సినిమాలు పంపిస్తున్నా."

యుగాది నాడు వేపపువ్వు నోట్లో వేసుకుని, గోపాలప్ప తానే సుత్తి పట్టుకుని ఆ గదికి కొత్త తలుపు బిగించాడు. పెట్టెలు మేడ మీదికి పోయాయి. మునిలక్ష్మి ఒకటే షరతు పెట్టింది. ఆ తర్వాత ఏడేళ్ళు, గాజులు పగిలే సన్నివేశం ఉన్న ప్రతిసారీ తిరుపాలు సందు మొగలో నిలబడి, కలాసిపాళ్యం గొంతుతో అరిచేవాడు. "అమ్మా, అక్కా, పైల్వానన్నా! మూడు గంటలకి మా ఇంట్లో ఇద్దురు చస్తారు! ఎవురూ రావద్దండి!"

ఇదంతా రాసి, గాజుల అంగట్లో చదివి వినిపిస్తే తిరుపాలు చేతిలోని గాజుల గుత్తి కింద పెట్టాడు.

"అంతా అబద్ధమప్పా. మా మామ చీమను గూడా తొక్కేవాడు కాదు. నా పన్ను చెరుకు కొరికితే పోయింది. దామోదర్ అనే పైల్వాను ఈ సందులో ఎప్పుడూ లేడు. ఆ గదిలో గాజుల పెట్టెలే ఉండాయి, మొదటి నుంచీ అవే ఉండాయి. నేను జన్మలో ఎవుర్నీ చంపలేదు, గొంతుతో గూడా."