నాలుగు తీర్ల జవాబు

ఈ ఉదయం ఒక బిడ్డ చెప్పేది వినడానికి మొఘల్‌పురాలోని మా ఆఫీసు గదిలో చేరినవాళ్లం ఐదుగురం: ఒక ఎస్సై, ఒక డాక్టరు, కార్మిక శాఖ అధికారి, బడి పంతులమ్మ, నేను. మేము కాక ఒక ఫ్యాను, ఐదు చాయ్ గ్లాసులు, పంతులమ్మ నుదుటికి రాసుకున్న తలనొప్పి మందు. ఆ ఘాటు వాసనకు సుశీల మేడం గుర్తొచ్చారు. పనిలోంచి విడిపించిన పిల్లలను చూసుకునే ఈ ఉద్యోగంలో నా మొదటి పై అధికారి ఆమె. తలనొప్పి లేని రోజు ఆమెకు ఉండేది కాదు. సెలవు పెట్టిన రోజు కూడా నాకు గుర్తు లేదు.

పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివి వచ్చిన నేను, చేరిన నెలలోనే ఒక పట్టిక తయారు చేశాను. ఒకే పిల్ల నాలుగు శాఖలకు చెప్పిన జవాబులను అది పక్కపక్కన పెడుతుంది. తేడా ఉంటే గడి ఎర్రబడుతుంది. గాజులకు రాళ్లు అంటించే కార్ఖానా నుంచి వచ్చిన లత వరుసలో (అసలు పేరు అది కాదు) అన్నీ ఎర్ర గడులే. ఆమెను గౌలిపురలోని నానమ్మకు అప్పగించాలా, ఊరవతల హాస్టల్‌కు పంపాలా అన్నది మర్నాడు సాయంత్రం పిల్లల సంక్షేమ కమిటీ తేల్చాలి.

"మేడం, ఈ పిల్ల మాట మారుస్తున్నది. నమ్ముడు కష్టం," అన్నాను, కొంచెం గర్వంగానే.

"అబ్బో, గింత పెద్ద సంగతి నీ డబ్బా కనిపెట్టిందా?" అని ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వరుసంతా చదివారు. "ఎస్సైకి పద్నాలుగేండ్లు అన్నది. గట్లంటే పోలీసులు వదిలేస్తరని కార్ఖానాలల్ల నేర్పుతరు. డాక్టరుకు చేతులు మండుతలేవన్నది. దవాఖానల ఉంచుకుంటరని భయం. కార్మిక శాఖ సారుకు మస్తు మండుతున్నయన్నది, మళ్లా పనికి పంపొద్దని. నీకేమో నానమ్మ ఇంట్ల మూడు గదులన్నది, ఇల్లు చిన్నదంటే పంపరని. గదులెన్నని నువ్వే అడిగితివి గద! నాలుగు తీర్లు చెప్పింది బిడ్డా, అడిగింది ఒక్కటే. నానమ్మ దగ్గరికి పంపుండ్రి అని."

ఆ పట్టికను కమిటీ ముందు పెట్టి ఉంటే లతను హాస్టల్‌కే పంపేవాళ్లని నాకు అప్పుడు అర్థమైంది.

ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. నన్ను వెంటబెట్టుకుని మూడు ఆఫీసులకూ నడిచారు. ఎస్సైతో, "అన్నా, రేపు పొద్దున యూనిఫాం లేకుండ రా. అడిగేది నేనొక్కదాన్నే. నువ్వు చాయ్ తాగుకుంట వినాలె," అన్నారు.

"నేను నోరు మూసుకొని కూసున్ననంటే స్టేషన్ల ఎవ్వడూ నమ్మడు మేడం," అని ఆయన నవ్వాడు. కానీ వచ్చాడు.

మర్నాడు గోడవారగా కూర్చుని నలుగురం విన్నాం. "చేతులు చూపియ్యి బిడ్డా," అని మాత్రమే మేడం మొదలుపెట్టారు. లత చూపించింది. తర్వాత నలభై నిమిషాలు తనే చెప్పింది: పదకొండేళ్లు, రెండేళ్ల పని, నానమ్మది ఒకటే గది. అందరం ఆ మాటలే రాసుకున్నాం. సాయంత్రం కమిటీ ఆమెను ఆ ఒక్క గదికే పంపింది.

మేడం రిటైరయ్యారు. పట్టికలు ఇప్పటికీ చేస్తాను. అయితే ప్రతి ఫైలు మూలన, ఆ బిడ్డ తన కథను ఎన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందో ఒక అంకె వేస్తాను. అది ఒకటి దాటకుండా చూడడమే నా పని అనుకుంటాను. లత ఫైలు మీద ఉన్నది ఐదు.