కంటైనర్‌లో కట్టిన మామిడాకులు

ఓడలు మా కంపెనీవి కావు, లారీలూ కావు. వాటిలో జాగా అమ్మడం నా ఉద్యోగం. కర్నూలు, కడప జిల్లాల్లో తిరిగి, మీ బండలు ఆస్ట్రేలియా దాకా చేర్చే పూచీ మాదని ఫ్యాక్టరీల వాళ్లకు చెప్పేవాణ్ణి. ఆ సముద్రాన్ని నేను చూసింది రెండుసార్లే.

ఎర్రగుంట్ల దగ్గర ఒక ఓనరు ఆరు నెలలు నాకు టీలు తాగించి, చివరికి మొదటి కంటైనర్ ఇచ్చాడు. అక్కడి ప్యాకింగ్ మేస్త్రీది కోసిగి వైపు. ఏటా పెళ్లాం పిల్లలతో ఊళ్లు పట్టి సుగ్గికి, కూలిపనుల వలసకు పోయినవాడు. ఈ పని దొరికాక పిల్లలను ఇక్కడి బడిలో వేశాడు. ఆ దేశంలో ఎండుటాకు కనిపించినా సరుకు ఆపేస్తారని నేను చెబితే, గడ్డిపరక లేకుండా చెక్క పెట్టెలన్నీ తుడిచింది అతనే.

లోడింగ్ అయ్యాక ఓనరు పూజ చేయించాడు. కంటైనర్ లోపల మామిడాకుల తోరణం కట్టి, టెంకాయ కొట్టి, చిప్పలు మూలన పెట్టారు. మేస్త్రీ నా పక్కకు వచ్చాడు.

"సార్, ఆకులుండగూడదంటివి గదా. ఇవుంటే ఏం గాదా?"

ఓనరు కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు. తీసేయమంటే అపశకునం అంటాడని, ఆర్డరు చేజారుతుందని భయపడ్డాను.

"ఏం గాదులేప్పా" అన్నాను. తలుపులకు సీలు పడింది.

ఆస్ట్రేలియా రేవులో సరుకు ఆపేశారు. ఓనరు ఫోన్ చేశాడు.

"తప్పు యాడ జరిగిండాదప్పా?"

"ప్యాకింగ్‌లో ఆకూ అలమూ ఏదో పోయినట్టుంది సార్."

అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పూజ తోరణాన్ని ఆయన చెత్త కింద లెక్కేయడని నాకు తెలుసు. మర్నాడే మేస్త్రీని పనిలోంచి తీసేశాడు. సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

రెండో కంటైనర్ నాడు మళ్లీ తోరణం తెచ్చారు. ఈసారి చెప్పాను.

"లోపల వద్దు సార్, ఆకులుంటే ఆపేస్తారు. లారీకి కడదాం."

"అట్లనా? సరే, లారీకే కట్టండి" అన్నాడు ఓనరు. నిమిషం పట్టలేదు. కడుతుండగా ఆయనే నా వైపు తిరిగాడు. "అయితే పోయినతూరి..."

తల ఊపాను. ఆయన నన్ను తిట్టలేదు. అక్కడే నిలబడి మేస్త్రీకి ఫోన్ కలిపి, తప్పు నీది కాదంట, పనికి వచ్చేయమన్నాడు. స్పీకర్‌లో వెనక సిమెంటు మిక్సర్ మోత వినిపించింది.

"బెంగుళూరులో ఉండామన్నా. యాడొస్తాం ఇంగ? పిల్లోళ్లు గూడా నాతో పనికొస్తాండారు."