అంచు అరిగిన టీ పెట్టె

మొన్న మా అమ్మాయి బడి నుంచి వస్తూనే చీపురు కర్ర కావాలంది. ఎనిమిదేళ్ళ పిల్ల చీపురు అడగడమే వింత అనుకుంటే, దానితోపాటు ఒక పెద్ద అట్టపెట్టె, గట్టి తాడు కూడా కావాలట. ఈ దేశపు రాక్ సంగీతానికి ముందు స్కిఫిల్ అని ఒకటుండేదనీ, ఇంట్లో దొరికిన వస్తువులతోనే దాన్ని వాయించేవారనీ చెప్పి, ఎవరి వాయిద్యం వాళ్ళే చేసుకు రమ్మన్నారట వాళ్ళ టీచరు. నేను తెలుగులో అడిగే ప్రశ్నలకి అది ఇంగ్లీషులో గడగడా జవాబులు చెబుతుంటే, బర్మింగ్‌హామ్‌లోని మా వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డ నాకు, పదేళ్ళ కిందటి లీసెస్టర్ ఇల్లూ, ఆ ఇంటి వెనక గదిలో నేను చేసిన నిర్వాకమూ కళ్ళముందుకొచ్చి, పొయ్యిమీద పోపు మాడిపోయింది.

నాలాగా రెండు వేల ఎనిమిది ప్రాంతంలో ఒంటరిగా ఇక్కడికొచ్చి దిగిన డాక్టరమ్మలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మావారు వీసా కోసం హైదరాబాదులో ఎదురుచూస్తూ ఉండిపోతే, నేను లీసెస్టర్‌లో ఒక పెద్దాయన ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. భార్య పోయి, డెబ్బై దాటి, ఎవరైనా పలకరిస్తే చాలనుకునే మనిషి. మన అలవాటు కొద్దీ నేను అంకుల్ అంటే మురిసిపోయేవారు. ఆయన నన్ను ఆ ఊరి పాతవాళ్ళందరిలాగే ‘డక్’ అని పిలిచేవారు. బాతునంటాడేమిటీయన అని మొదట్లో ఉడుక్కున్నాను గానీ, అది మన ‘అమ్మలూ’ లాంటి పిలుపని తెలిశాక, ఆ మాట వినడానికే డ్యూటీ నుంచి త్వరగా వద్దామనిపించేది.

సాయంత్రాలు వంటింట్లో టీ తాగుతూ ఆయన తన కుర్రతనం గురించి చెప్పేవారు. వాయిద్యాలు కొనే స్తోమత లేని కుర్రాళ్ళు, ఒకడు పాత గిటారు, ఇంకొకడు బట్టలుతికే గరుకు రేకు పట్టుకుని, వచ్చిన రెండు మూడు స్వరాలతోనే వీధివీధినా జట్టు కట్టేశారట. తరవాత వాళ్ళలోంచే కొందరు కరెంటు గిటార్లు పట్టి, ప్రపంచాన్ని ఊపేసిన రాక్ బృందాల్లోకి వెళ్ళారట. ఆయన దగ్గర వాయించడం నేర్చుకున్న పక్కింటి అబ్బాయి కూడా అలా పెద్ద పెద్ద వేదికలెక్కినవాడే. రేడియోలో వాళ్ళ పాట వస్తే అంకుల్ వేలెత్తి నన్ను ఊరుకోమని, అరుపులన్నిటికీ అడుగున మెల్లగా నడిచే ఆ లావుపాటి శబ్దాన్ని పట్టుకుని, “విన్నావా డక్, అది నా బేస్ నడకే” అనేవారు. మా అమ్మ వీణ దగ్గర పెరిగిన నాకు ఆయన బేస్ అనగానే నగిషీలు చెక్కిన పెద్ద వాయిద్యమేదో పట్టుగుడ్డ చుట్టి దాచుకున్నట్టు తోచేది. చూపించమని అడగడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటమే కొంప ముంచింది.

కుర్రతనంలో అంకుల్ జట్టు మొట్టమొదట వాయించిన చర్చి హాలును వచ్చే మే నెలలో కూల్చేస్తారని తెలిసి, అంకుల్‌తో కలిపి ఆ జట్టులో మిగిలిన ముగ్గురూ చివరిసారి అక్కడ వాయించాలనుకున్నారు. అంకుల్‌కి అదే లోకమైపోయింది. అంతలో చలికాలంలో మంచుమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. డ్యూటీల మధ్య కాస్త తెరిపి దొరికినప్పుడల్లా వార్డుకు వెళ్ళేదాన్ని. కాలు ఒక్క అడుగు ఎత్తుకు లేస్తే చాలు డక్, బేస్ వాయించడానికి అదే కావాలి అంటూ పళ్ళు బిగించి కసరత్తు చేసేవారు. వాయించడానికి కాలెందుకో నాకు అర్థం కాలేదు. అప్పుడైనా అడిగానా, లేదు.

ఆయన ఇంటికొచ్చే వారమే ఉగాది. పండక్కి ఇల్లు దులిపి, విరిగినవీ పగిలినవీ బయట పారేయడం మన ఆనవాయితీ కదా. పాపం ఆయన శుభ్రమైన ఇంట్లోకి అడుగుపెట్టాలని, కొంగు బిగించి వెనక గది కూడా దులిపాను. అక్కడొక పాత చెక్క టీ పెట్టె, వెనకటికి టీ పొడి నింపి ఓడల్లో పంపే పెద్ద పెట్టె, బోర్లించి ఉంది. ఒక అంచు ఎలుకలు కొరికినట్టు అరిగిపోయి, నడుమ కన్నంలోంచి తాడు వచ్చి, ఆ తాడు రెండో కొస ఒక చీపురు కర్రకు కట్టి ఉంది. చీపురు కట్టిన పెట్టె ఇంట్లో ఉంటే దరిద్రం కాక మరేమిటనుకున్నాను. నాతో పనిచేసే ఒక తెలుగాయన కారులో కర్ర పట్టకపోతే, మోకాలికి ఆన్చి రెండుగా విరిచి మరీ, ఊరి చెత్తంతా చేరే కౌన్సిల్ టిప్‌లో పారేసి వచ్చాను. తిరిగొచ్చి తలంటుకుని, గుమ్మానికి తోరణం కట్టాను.

అంకుల్ చేతికర్ర మీద ఆనుకుంటూ వచ్చి, మెరిసిపోతున్న ఇంటిని చూసి మెచ్చుకుని, నేరుగా వెనక గదికి వెళ్ళారు. ఖాళీ మూల వైపు చూసి, “నా బేస్ ఏది డక్?” అని అడిగారు. ఒక్కసారిగా నాకంతా తెలిసిపోయింది. వీణకి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని పెరిగినదాన్ని, కాలు మోపి వాయించే వాయిద్యం ఉంటుందని కలలోనైనా ఊహించలేదు. ఆ అంచును ఎలుకలు కొరకలేదు, యాభయ్యేళ్ళుగా ఆయన పాదం, పక్కింటి అబ్బాయి పాదం కలిసి అరగదీశాయి.

టిప్ దగ్గరికి పరుగెత్తాను. లోపల పడ్డ సరుకు అప్పటికే నలిగి లారీ ఎక్కిపోయిందని అక్కడివాళ్ళు చెప్పారు. మనవాళ్ళ కొట్లుండే బెల్‌గ్రేవ్ రోడ్డులో కనపడ్డ ప్రతి కిరాణా కొట్టులోనూ టీ పెట్టె అడిగాను. ఇప్పుడు టీ పొడి కాగితం సంచుల్లో వస్తోందమ్మా, ఏ కాలంలో ఉన్నావని నవ్వారు. చివరికి పండ్ల పెట్టె ఒకటి మోసుకెళ్ళాను. అంకుల్ దానికి ఓపికగా తాడు బిగించి, నొప్పి కాలు ఎత్తి అంచుమీద పెట్టి మీటితే, జలుబు చేసిన గొంతులా పలికింది. బాగుంది డక్, బాగుంది అన్నారు. తిట్టినా బాగుండేది. విరిగిన తుంటిని కూర్చగలిగిన ఆసుపత్రిలో పనిచేస్తూ, నేను విరిచిన కర్రను మాత్రం ఏం చేయలేకపోయాను.

మే నెలలో ఆ హాల్లో ఇద్దరే వాయించారు. అంకుల్ ముందు వరుసలో నా పక్కన కూర్చుని, పెదవులు బిగించి గొంతులోంచే ధుమ్ ధుమ్ అని బేస్ పలికించారు. అది నాకు తప్ప ఇంకెవరికీ వినిపించలేదు. మరుసటి చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు ఫోను నొక్కితే ఏ వాయిద్యమైనా మోగుతుంది, ఎవరింటి వెనక గదిలోనూ ఏదీ దాచుకోవలసిన పని లేదు. అయినా మొన్న సాయంత్రం అట్టపెట్టెకు కన్నం పెట్టి, తాడు కట్టి, చీపురు కర్ర నిలబెట్టి ఇచ్చాను. ఎప్పుడో నేను నేర్పిన బుద్ధే అడ్డొచ్చి, పిల్ల కాలు పెట్టడానికి జంకింది. “పరవాలేదమ్మా, అంచుమీద కాలు గట్టిగా పెట్టు, అలాగే వాయించాలి,” అన్నాను. మా అమ్మ వింటే ఏమనేదో. అది కాలు మోపి తాడు మీటింది. అట్టపెట్టె ఎంతని పలుకుతుంది? అడుగున మెల్లగా నడిచే ఆ శబ్దం కోసం నేను అంకుల్‌లా వేలెత్తి చాలాసేపు విన్నాను.