పసుపు పెట్టిన విమానం

శంషాబాద్‌లో దిగే విమానాలు ఇప్పుడు మా చేవెళ్ల ఇంటి మీదుగా పోతుంటాయి. మనవరాలు తలైనా ఎత్తదు. నేను మాత్రం చేతిలో పని వదిలేసి, అది కనుమరుగయ్యేదాకా చూస్తాను. "ఇమానం ఎన్నడు చూడనట్టు చేస్తవేంది, అవ్వా?" అని నవ్వుతుంది. చూశాను కనకనే ఈ తిప్పలు.

నేను కాపురానికొచ్చిన ఏడు, నిజాం కాలం. మొయినాబాద్ తోవలోని మా బీడు చెలకలో ఒక సాయంత్రం ఇద్దరు పట్టే చిన్న విమానం దిగింది. మబ్బు కమ్మి దారి కనబడలేదన్నాడు దాన్ని నడిపే పట్నం కుర్రాడు. రాత్రి మా ఇంట్లోనే జొన్నరొట్టె తిని పడుకున్నాడు. తెల్లారాక మా ఆయనను పట్నం దాకా ఎక్కించుకుపోతానన్నాడు. ఆయన సంబరం పట్టలేక, తను చూసుకునే అంగడి తాళాలు తండ్రి చేతిలో పెట్టేశాడు. మా అత్త అడ్డం పడింది. "కొత్త బండికే పూజ చెయ్యంది ఎడ్లు కట్టం. గిది మొగులుల పోయేదాయె!"

బండికి పసుపు పెడితే కాడి కొస కూడా వదలకూడదని ఆమె పట్టింపు. ఆ లెక్కనే చక్రాలకు, రెక్కల కొసలకు, చివరకు రెక్క దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం మూతికి కూడా తడి పసుపు ముద్ద అద్దింది. ఆ గొట్టం ఎందుకో అడగాలని నాకు నాలుక దురద. కొత్త కోడలు అడుగుతుందా? కుర్రాడికేమో మొహమాటం. తన మైదానంలోనైతే ఎక్కేముందు చుట్టూ తిరిగి అంగుళం అంగుళం చూసుకునేవాడట. ఇక్కడా తిరిగాడు, మూడుసార్లు, మా అత్త చెప్పినట్టే చేతులు జోడించి, కళ్లు సగం మూసుకుని!

విమానం దుమ్ము రేపుకుంటూ లేచింది. నాలుగు చెలకలు దాటిందో లేదో వెనక్కొచ్చి, మా నెత్తిన గుండ్రంగా తిరగసాగింది. దిగబోయి మళ్లీ లేచింది. "ఏదో అయింది," అన్నాడు మా మామ. అప్పటికి మా ఆయనతో నేను నోరు విప్పి మాట్లాడిందే లేదు. మాట్లాడకుండానే ఆ మనిషి పోతాడేమోననిపించింది. చివరికి దబ్బున నేలను తాకి, ఎగిరెగిరి పడుతూ గట్టు దగ్గర ఆగింది.

కుర్రాడు దిగి, ఈసారి కళ్లు తెరిచి చుట్టూ తిరిగాడు. గొట్టం మూతి నుంచి ఎండిన పసుపు గీకాడు. "గాలి దీంట్లకు పోతెనే ఎంత జోరుల పోతున్నమో ముల్లు చూపిస్తది, అమ్మా. ఇది మూసుకపోయి ముల్లు కదల్లె. జోరు తగ్గితె కూలుతం. తప్పు నాదే, జర చూసుకోవాలె గద," అన్నాడు. మా అత్త అక్కడే కూలబడి, "నా చేతులతోనె నా కొడుకును సంపుకుందునే!" అని ఏడ్చింది.

మా ఆయన నీళ్లడిగాడు. అందరి ముందు నేనే చెంబు తీసుకెళ్లాను. "భయమయిందా?" అన్నాను. "నీకు?" అన్నాడు. అదే మా మొదటి ముచ్చట.

ఆ తర్వాత ఆయనతో గడిపిన ఏళ్లన్నీ ఎప్పుడు పోయాయో తెలియలేదు. ఆయన మా నెత్తిన తిరిగిన ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా గడవనే లేదు.