బండ మీద చీనా పాఠం

పోయిన వారం విశ్వవిద్యాలయం నుంచి ఒక సంచిక వచ్చింది. చీనా భాషా శాఖకు విద్యార్థులు రావడం లేదని దాన్ని మూసేస్తున్నారు. మూసేముందు మర్యాదగా ఒక పుస్తకం వేశారు. అందులో నా ఫోటో, దాని కింద "శాఖకు రూపశిల్పి, తొలి ఫెలో" అనే మాట. చీనాకు వెళ్లే ప్రతి ఫెలో అక్కడి పల్లెలో ఒక పంటకాలం రైతు ఇంట్లో ఉండి రావాలన్న నియమం నా దూరదృష్టి అట. మా ఆవిడ ఆ పేజీని వాడకట్టంతా తిప్పి చూపించింది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ దూరదృష్టి మా బావది, అంటే మా అక్క మొగుడిది. ఆయన శంషాబాద్‌లో వ్యవసాయం చేసేవాడు, ఉర్దూలో నాలుగో జమాత్ దాకా చదివాడు. ఈ సంగతి తెలిసినవాళ్లలో అక్కా నేనూ మాత్రమే మిగిలాం. అక్క ఎవరికీ చెప్పదు కనుక నేను రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. నేను విశ్వవిద్యాలయం దఫ్తర్‌లో గుమాస్తాను. చీనా భాష, అక్కడి జనం బతుకు నేర్పే శాఖ ఒకటి పెట్టాలని పెద్దలకు ఆలోచన వచ్చింది. ఆ ఫైలు నా బల్ల మీదికి చేరింది. ముందుగా ఒక పంతులును తెచ్చారు. తన దేశంలో బాంబులు పడుతుంటే పారిపోయి కలకత్తా మీదుగా వచ్చిన ముసలాయన. పట్నంలో కిరాయికి గది దొరకక నేనే ఆయన్ని శంషాబాద్‌కు తీసుకుపోయి బావ ఇంటి ముందుగదిలో దింపాను. ఊళ్లో అందరూ ఆయన్ని చీనా పంతులు అనేవారు. ఆదివారాలు హిమాయత్ సాగర్ దాకా నడిచిపోయి, కట్ట మీద కూర్చుని, పొద్దుగూకాక తిరిగి వచ్చేవాడు. మా అక్క పచ్చిపులుసు ఆయనకు ఎంత నచ్చిందంటే, గిన్నె ఖాళీ అయ్యాక లేచి నిలబడి దండం పెట్టేవాడు. అక్క సిగ్గుతో లోపలికి పరుగెత్తేది.

అప్పట్లో కాయితం కరువు. పంతులు దానికో ఉపాయం తెచ్చాడు. అరుగు మీద షాబాదు బండలు పరిచి ఉండేవి. చెంబులో కుంచె ముంచి, నీళ్లతో ఆ నల్లటి బండల మీద అక్షరం రాసేవాడు. నాలుగో అక్షరం రాసేలోగా మొదటిది ఆరిపోయేది. దున్నకానికి పోయేముందు బావ, దఫ్తర్ రైలుకు పోయేముందు ఆ ఊళ్లోనే ఉండే నేను, ఆయన ముందు గొంతుకూర్చునేవాళ్లం. అక్క చీపురు పట్టుకుని నిలబడి, "తుడిచిన బండ మీద మళ్ల నీళ్లు. పసిపిల్లలు నయం మీకంటే" అనేది. "నీకేం తెల్సు? కాయితం ఖర్చు లేదు, చెరిపే పని లేదు. సూర్యుడే మాకు చప్రాసి" అనేవాడు బావ. రెండేళ్లలో ఆయన పంతులుతో చీనా భాషలో పోట్లాడే దాకా వచ్చాడు. వాళ్ల తగాదాలన్నీ వరినారు గురించే. నాకు నోరు తిరగలేదు కానీ చేతిరాత బాగుండేది. దఫ్తర్‌లో పాత పరీక్ష కాయితాల వెనకవైపు తెల్లగా ఉంటే వాటిని కుట్టుకుని నోటుబుక్కులు చేసుకున్నాను. బావ చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. పంతులు ప్రతి పేజీ కింద తన ఎర్రటి ముద్ర వేసేవాడు. పంటకాలం నియమం కూడా అట్లా వచ్చిందే. "బుక్కుల ఏం దొర్కుతది బామ్మర్ది? నాటు కాడ్నించి కోత దాక వాని ఇంట్ల ఉంటేనే వాడేందో ఎరుకైతది" అన్నాడు బావ. నేను దాన్ని చక్కటి ఉర్దూలో ఫైలుకెక్కించాను.

యుద్ధం ముగిసిన చలికాలంలో పంతులు దగ్గుతో పోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే ఫెలోషిప్ ప్రకటన వెలువడింది. పట్టా లేకున్నా ఫరవాలేదు, చీనా రాయడం వస్తే చాలన్నారు, ఎందుకంటే పట్టా ఉన్నవాళ్లెవరికీ చీనా రాదు. బావ ఉతికిన ధోవతి, అరువు షేర్వాణీ వేసుకుని వచ్చాడు. ముగ్గురు పెద్దలు రాసి చూపించమన్నారు. రాశాడు. వాళ్లు కాయితాన్ని అటూ ఇటూ తిప్పారు. అవి అక్షరాలో గీతలో చెప్పగలిగిన పంతులు మట్టిలో ఉన్నాడు. "ఇన్నేళ్ల రాతపని ఏదీ?" అని అడిగారు. "నీళ్లతోటి నేర్చిన సాబ్" అన్నాడు బావ. వాళ్లు విరగబడి నవ్వారు. పెద్దాయన నవ్వాపుకుని, ఫైలు పట్టుకుని పక్కన కూర్చున్న నన్నడిగాడు: "పంతులును ఆ ఇంట్లో దింపింది నువ్వే కదా. ఇతను నేర్చుకోవడం చూశావా?"

గది చూపించడం వరకే నా పని, ఇతను నేర్చుకున్న సంగతి తెలియదని చెప్పాను. భయంతో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. నా దరఖాస్తు అప్పటికే నా జేబులో ఉంది.

ఆ సాయంత్రం శంషాబాద్‌కు దగ్గరి ఉందానగర్ స్టేషన్‌లో రైలు దిగి నడుస్తుంటే బావ అన్నాడు, "జర నువ్వన్న పెట్టు దరఖాస్తు. నీ బుక్కుల మీద పంతులు ముద్రలున్నయి గద." తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎంపికయ్యాక, బయలుదేరే రోజు దాకా నా ఉచ్చారణ దిద్దుతూనే ఉన్నాడు. చీనాలోని ఆ పల్లెలో నేను రైతుతో మాట్లాడిన మొదటి మాటలన్నీ వరినారు గురించే. ఆ రైతు సంతోషపడి, ఎవరు నేర్పారని అడిగాడు. పంతులు అన్నాను. అక్కడ కూడా బావ పేరు చెప్పలేదు.

నేను అక్కడ ఉండగానే బావ జ్వరంతో పోయాడు. తిరిగొచ్చి అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె కోసం తెచ్చిన పట్టుగుడ్డను మంచం మీద పెట్టి చూస్తూ కూర్చుంది. "ఆ దినం తెల్సు అని ఎందుకనలే తమ్మీ?" అంది. బావ ఆమెకు చెప్పాడన్న మాట. నేను పట్టుగుడ్డ మడత సవరించాను. "ఇగ పోనీ. లే, కాళ్లు కడుక్కో, తిందువు" అంది.

ఆమెకు జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు ఆ గదిలో ఒక్క మాటతో తీరిపోయే పని ఇది. అది దాటిపోయాక ఎంత రాసినా, బతికున్న మనిషికి ఇవ్వాల్సిన సాక్ష్యం పోయినవాడి గురించిన కథగానే మిగిలిపోతుంది.